పన్నెండో నంబరు గది ఇచ్చిన మార్కులు

ముసఫ్ఫాలో శుక్రవారం మధ్యాహ్నం.
ఏసీ నీళ్ళు పెయింట్ డబ్బాలోకి కారుతుంటే
ఆరు మంచాల మధ్య ఒక్క లాప్‌టాప్.
అరవై ఏళ్ళ కిందటి అమెరికా అందులో:
పొట్టి క్రాపులు, వెండి సూట్లు,
ఒక్కడు పట్టే డబ్బా, దాని కింద నిప్పు.
టైంకీపర్ని, ఇంగ్లీషు కాస్త వచ్చు,
అందుకని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.
వాళ్ళు మాట్లాడింది నేను చెప్పాలి.
చెప్పకముందే వీళ్ళకి అర్థమైపోతోంది.

ఢిల్లేసు మొదటి తప్పు పట్టాడు.
"ఆ అతుకు సూడండి బావూ,
మా పలాసలో సైకిల్ సాపోడు సైతం అలగ అతకడు.
ఆ రేకుకి అంత మెరుపు రాదు.
రవ్వలు మనకి సూపడానికి ఏసినారు."
వందకి నలభై ఇచ్చాడు.
తలుపు బయట్నుంచి బిగించే చోట మాత్రం
ముందుకి జరిగి
బోల్టులు ఒక్కొక్కటీ పైకే లెక్కపెట్టాడు.

ఓబులేసుకి కథానాయకులెవరూ నచ్చలేదు.
కోతి నచ్చింది.
"ముందర దాన్ని పంపించినారు గదప్పా,
అది తిరిగొచ్చినాంకనే గదా దొరలెక్కింది?"
వాడు ట్యాంకులు కడిగే హెల్పరు.
లోపల గ్యాసుందో లేదో మీటరు చెప్పాలి.
మీటరు చెడిపోయిన రోజు వాడే దిగుతాడు,
నడుముకి తాడు కట్టుకుని.
కోతికి అరటిపండు ముక్క ఇచ్చారని తెలిసి
"మాకు లబన్ ప్యాకెట్టు ఇస్తార్లే" అన్నాడు,
అందరికంటే ముందు తనే నవ్వాడు.

ఖాజా వంటగదిలోంచి గరిటెతో వచ్చి
ఆడవాళ్ళ సీన్లు మాత్రం చూసి వెళ్ళాడు.
పచ్చగడ్డి, తెల్ల కంచె, కెమెరాలు.
మొగుడు ఆకాశంలో ఉండగా
లిప్‌స్టిక్ పెట్టుకుని నవ్వాలి పెళ్ళాం.
గర్వంగా ఉంది, సంతోషంగా ఉంది.
ఏ ఇంటి ముందైనా ఆ రెండు మాటలే.
"వీడియో కాల్ల మనం జెప్పేది గదే గద భాయ్,
ఖైరియత్, అంత మంచిదే అని.
మన దిక్కు నవ్వేటోడు మొగోడు. గంతే ఫరక్."

ఒకచోట పెద్ద ఇంజనీరు, గాజు అవతల,
సిగరెట్టు పొగలో ఒక మాట అన్నాడు.
అందరూ నా మొహం చూశారు.
"జాగ్రత్తగా దించమంటున్నాడు" అని చెప్పాను.
అతనన్నది అది కాదు.
ఈ డబ్బా పోయినా ఇంకోటి సిద్ధంగా ఉందన్నాడు.
టైంషీట్లలో నాకూ అలవాటైన భాషే అది.

రాజలింగు ఏమీ అనలేదు.
టవర్ క్రేన్ నడుపుతాడు రీమ్ ద్వీపంలో,
అరవయ్యో అంతస్తు పైన, గాజు గూట్లో,
పొద్దున ఎక్కితే పొద్దుగుంకేదాకా.
కౌంట్‌డౌన్ ఆగి, మళ్ళీ ఆగి, గంటలు గడిచి
లోపలి మనిషి ఒంటేలుకు తట్టుకోలేక
వైర్‌లెస్‌లో అడిగి అడిగి
చివరికి సూట్లోనే కానిచ్చిన చోట
గది పగలబడింది.
రాజలింగు నవ్వలేదు.
రోజూ అతని అన్నం సంచీలో
ఖాళీ బాటిలొకటి పైకి పోతుంది,
నిండి కిందికొస్తుంది.
మాకు తెలుసు.
నవ్వు దానంతటదే సద్దుమణిగింది.

ఆఖరికి డబ్బా సముద్రంలో పడింది.
ఓడ వచ్చింది, బ్యాండు వాయించారు,
వెండి సూటు మనిషి డెక్కు మీద
పెళ్ళికొడుకులా నడిచాడు.
"ఆడ తప్పు జేసిండ్రు" అన్నాడు రాజలింగు.
"దిగంగనే అట్ల నడువరాదు.
మొదటి పదడుగులు కాళ్ళు మనయి గావు.
నేల ఊగుతది. ఎవనిదో ఒకని భుజం గావాలె."
లేచి, తువ్వాలు భుజాన వేసుకుని
స్నానాల క్యూలోకి పోయాడు.
మార్కులెన్నో చెప్పలేదు.

శనివారం సాయంత్రం
రిజిస్టరు పట్టుకుని క్రేను నిచ్చెన కింద నిలబడ్డాను.
నాకక్కడ పని లేదు, నా గది గేటు దగ్గర.
అతను దిగాడు. నన్ను చూసి
ఏమిటన్నట్టు కనుబొమ్మ ఎగరేసి
భుజం మీద చెయ్యి వేశాడు.
బరువైన చెయ్యి, ఇనుము వాసన.
లెక్కపెట్టాను. పది కాదు, పద్నాలుగు.

దిగింది ఆరూ పదికి.
ఆరున్నరకని రాశాను.